తలకింత నుంచి హెక్టారుకింత: ఐరోపా సబ్సిడీ సంస్కరణలతో కొండ ప్రాంతాలకు ఒరిగిందెంత, పోయిందెంత?

సాగులెక్కలు:

ఐరోపా యూనియన్ ఉమ్మడి వ్యవసాయ విధానం, అంటే క్యాప్ మీద ఒక చిక్కుముడి. అప్పటి ఐరోపా వ్యవసాయ కమిషనర్ ఫిష్లర్ తెచ్చిన 2003 సంస్కరణకు ముందు గొర్రెకింత, ఆవుకింత, ధాన్యం వేసిన హెక్టారుకింత అని ఇచ్చేవారు. ఆ తర్వాత ఉత్పత్తితో ముడి తెంచేసి ఒకే చెల్లింపుగా మార్చారు. కొన్నిచోట్ల దాన్ని హెక్టారుకింత అని పంచారు, కొన్నిచోట్ల రైతుకు పాత మొత్తాన్నే కొనసాగించారు. దీన్ని చదువుతుంటే ఒకచోట "హెక్టారు లెక్క వల్ల విశాలమైన కొండ బీళ్లకు డబ్బు వెల్లువలా వచ్చింది" అని, ఇంకోచోట "అదే సంస్కరణ కొండల మీద మందల్ని ఖాళీ చేయించింది" అని కనిపిస్తోంది. రెండూ నిజం ఎలా అవుతాయి?

ఇంకో రెండు అనుబంధ ప్రశ్నలు. సాగుకు అంత అనువుగాని వెనుకబడ్డ ప్రాంతాలకంటూ విడిగా ఎల్‌ఎఫ్‌ఏ సాయం 1975 నుంచీ ఉంది కదా, అది ఈ లోటు పూడ్చలేదా? కౌలుకు కొండ పట్టినవాడి సంగతేమిటి? సిద్ధాంతం వద్దండీ, లెక్క చూపించి చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

---

గట్టుదారి:

రెండూ నిజమే. చెల్లింపు ప్రాంతాల సరిహద్దు గీత ఎక్కడ గీశారన్నదాన్ని బట్టి ఒకటి నిజమవుతుంది, లేదా రెండోది. లెక్క కట్టి చూద్దాం. రైతులు ఊహించినవాళ్లే కానీ రేట్లు అప్పటివే. 2001 చివర్లో వచ్చిన నిబంధన ప్రకారం తల్లి గొర్రెకు 21 యూరోలు, వెనుకబడ్డ ప్రాంతంలో అయితే పైన ఇంకో 7. ధాన్యానికి టన్నుకు 63 యూరోలు, దాన్ని ఆ ప్రాంతపు ప్రామాణిక దిగుబడితో హెచ్చవేయాలి.

'ఎ' కొండ రైతు. 300 హెక్టార్ల రాతి బీడు, 400 తల్లి గొర్రెలు. అతనికి వచ్చేది 400 × 28 = 11,200 యూరోలు.
'బి' లోయలో ధాన్యం రైతు. 80 హెక్టార్లు, ప్రామాణిక దిగుబడి 5 టన్నులు. హెక్టారుకు 315 చొప్పున 25,200.

ఇద్దరినీ ఒకే ప్రాంతంగా చూసి సమంగా పంచితే 36,400 ÷ 380 = హెక్టారుకు దాదాపు 95.80. 'ఎ'కి 28,737 వస్తుంది, 'బి'కి 7,663 మిగులుతుంది. మీరు చదివిన "వెల్లువ" ఇదే. లోయ రైతులు దీన్ని ఒప్పుకునే ప్రసక్తే లేదు కాబట్టి ఎక్కడా ఇంత మొరటుగా చేయలేదు. ఇంగ్లండ్ మూడు ప్రాంతాలుగా విడగొట్టింది: ఎత్తైన బీడు గీతకు పైన ఒకటి, తీవ్రంగా వెనుకబడ్డ మిగతా కొండ ప్రాంతం ఒకటి, మిగిలినదంతా ఒకటి. ఒక్కోదానికి ఒక్కో రేటు. స్కాట్లండ్ అయితే 2000–02లో రైతులు అందుకున్నదాని ఆధారంగా పాత మొత్తాలనే 2014 దాకా కొనసాగించి, 2015లో మూడు ప్రాంతాల పద్ధతికి వచ్చింది.

ఇప్పుడు రెండో సగం. కొండను విడి ప్రాంతం చేశాక లోపల ఏం జరుగుతుందో చూడండి. 'ఎ' పక్కనే 'సి' ఉన్నాడు. 700 హెక్టార్ల బీడు, ఎక్కువగా వేటకోసం ఉంచుకున్న ఎస్టేటు, 100 గొర్రెలు మాత్రమే. అతని పాత మొత్తం 2,800. ఇద్దరిదీ కలిపి 14,000, భూమి 1,000 హెక్టార్లు. అంటే హెక్టారుకు 14. 'ఎ'కి 11,200 కాస్తా 4,200 అయింది. 'సి'కి 2,800 పోయి 9,800 వచ్చింది.

కొండ ప్రాంతం మొత్తానికి ఒక్క యూరో తగ్గలేదు. అయినా మంద మేపుతున్నవాడి చేతిలోంచి మేపనివాడి చేతిలోకి డబ్బు మారింది. ప్రాంతాల సగటు పట్టికలు మాత్రమే చూసేవాళ్లకు ఇది కనపడదు.

దీన్ని ఆపడానికి స్కాట్లండ్ పెట్టిన అడ్డు రెండు రకాలు. ఒకటి కనీస మేపు షరతు: రాతి బీడు మీద సగటున హెక్టారుకు 0.05 పశు యూనిట్లు (పెద్ద ఆవును ఒకటిగా వేసే లెక్క) ఉండాలి, లేదంటే ఏటా పర్యావరణ మదింపు చేయించుకోవాలి. గొర్రెకు 0.15 యూనిట్ వేస్తే 'సి'కి 35 యూనిట్లు, అంటే దాదాపు 234 గొర్రెలు కావాలి. ఉన్నది 100. రెండోది, తెంచిన ముడిని కొంత మళ్లీ వేయడం. భూమిలో 80 శాతం పైగా అతి తక్కువ రేటున్న మూడో ప్రాంతంలో ఉన్న మందలకు, ఇంకా ఈనని ఏడాది వయసు ఆడ గొర్రెకింత అని ఇచ్చారు, నాలుగు హెక్టార్లకు ఒక గొర్రె మించకుండా. అన్నీ తిరిగి తిరిగి తలకింత దగ్గరికే వచ్చాయని కొందరు నవ్వారు గానీ, ఆ నాలుగు హెక్టార్ల గీతే పాత పద్ధతికీ దీనికీ తేడా.

---

పచ్చికబీడు:

గట్టుదారి గారి లెక్కకు ఒక చేర్పు. పాత మొత్తాన్నే కొనసాగించిన చోట కూడా మందలు తగ్గాయి. డబ్బు తగ్గకపోయినా ఎందుకు తగ్గాయన్నది అసలు ప్రశ్న.

కొండ గొర్రె ఆర్థికం చాలా బిగుతు. వంద తల్లులకు 90 పిల్లలు బతికాయనుకోండి. అందులో ముసలివాటి స్థానంలో పెట్టడానికి ఓ 25 ఆడపిల్లల్ని ఉంచుకోవాలి. అమ్మకానికి మిగిలేవి 65, అవి కూడా బక్కచిక్కినవి, లోయ రైతు కొని మేపి బలపరచాల్సినవి. ఈ 65 పిల్లల డబ్బులోంచి, ముసలి గొర్రెల అమ్మకంలోంచి దాణా, నట్టల మందు, కంచె, కాపరి కూలి రావాలి. ఉన్ని చాలా చోట్ల కత్తిరింపు కూలికే సరిపోదు. పాత పద్ధతిలో తలకు వచ్చే 28 యూరోలే చాలా మందలకు లాభం. ముడి తెంచాక ఆ 28 గొర్రె ఉన్నా వస్తుంది, లేకున్నా వస్తుంది. నష్టం తెచ్చే గొర్రెను అమ్మేయడమే అప్పుడు లెక్క తెలిసినవాడు చేసే పని. సంస్కరణ విఫలమై మందలు తగ్గాయనుకోవద్దు. అది ఎలా పనిచేయాలని తయారు చేశారో అలాగే పనిచేసింది.

కంచెలు లేని కొండ మీద తగ్గుదల నెమ్మదిగా, సమంగా జరగదు. అక్కడి మంద గట్టు ఎరిగిన మంద. పిల్ల తల్లి వెంట తిరిగి ఏ వాగు దాకా తన మేత, ఏ బండ తర్వాత పక్కవాడిదో నేర్చుకుంటుంది. ఉమ్మడి కొండను పదిమంది పంచుకుని, ఒకడు మందంతా అమ్మేశాడనుకోండి. ఖాళీ అయిన గట్టులోకి ఇరుగుపొరుగు గొర్రెలు జరుగుతాయి. వాటిని కత్తిరింపుకో మందుకో పోగుచేయాలంటే ఇంతకుముందు కంటే ఎక్కువ దూరం, తక్కువ మనుషులు. దాంతో ఇంకొకడు మానేస్తాడు. మళ్లీ మొదలుపెట్టాలంటే సంతలో కొన్న గొర్రెలు ఆ గట్టున నిలవవు. ఏళ్ల తరబడి కాపరి వెంట ఉండి అలవాటు చేయాలి. అందుకే మంద పోయాక సాయం పెంచితే తిరిగి వస్తుందనుకోవడం పొరపాటు.

అలాగని తలకింత పద్ధతిని మెచ్చుకోనక్కర్లేదు. గొర్రెల్ని 100 రోజులు కచ్చితంగా అట్టిపెట్టుకోవాలన్న షరతు వల్ల బీడు మోయగలదా లేదా అన్నది ఎవరికీ పట్టలేదు. ఐర్లండ్ పడమటి కొండల్లో పీట్ నేల (కుళ్లిన మొక్కలతో ఏర్పడ్డ నల్ల మట్టి) బయటపడేంతగా మేపేశారు. ఓవెన్‌డఫ్–నెఫిన్ బెగ్ ప్రాంతం విషయంలో 2002లో ఐరోపా న్యాయస్థానం ఐర్లండ్‌ను తప్పుపట్టింది కూడా. ఒక పద్ధతి కొండను గొరిగించింది, ఇంకోటి ఖాళీ చేయించింది. హెక్టారుకు కనీసం ఇంత, గరిష్ఠం ఇంత అని రెండు వైపులా గీత ఉన్న పథకాలే కాస్త నయం.

---

నేలసారం:

ఎల్‌ఎఫ్‌ఏ లోటు పూడ్చలేదా అన్న ప్రశ్నకు: కొంత పూడ్చింది. కానీ దాన్నీ రెండుసార్లు మార్చారు, రెండుసార్లూ గీతలు జరిగాయి.

1975 నాటి 75/268 ఆదేశం మూడు వర్గాలు పెట్టింది. పర్వత ప్రాంతాలు, జనం వలసపోయే ప్రమాదం ఉన్న ప్రాంతాలు, ప్రత్యేక ఇబ్బందులున్న ప్రాంతాలు. అప్పుడు ఇదీ తలకింతే. అజెండా 2000 అనే క్యాప్ సంస్కరణతో హెక్టారుకింతగా మారింది, 25 నుంచి 200 యూరోల మధ్య. అంటే ఫిష్లర్ కన్నా ముందే ఇక్కడ చిన్న ఎత్తున ఇదే మార్పు జరిగిపోయింది.

మధ్య వర్గంతోనే తగవు. ఎవరిని వెనుకబడ్డవారు అనాలో ఒక్కో దేశం ఒక్కో కొలత పెట్టుకుంది. 2003లో ఐరోపా ఆడిట్ కోర్టు దీన్ని గట్టిగా విమర్శించింది: ఎంపికకు సరైన ఆధారాలు లేవు, కొన్నిచోట్ల నష్టానికి మించి చెల్లిస్తున్నారు అని. దాని పర్యవసానమే 2013 నిబంధనలోని సహజ పరిమితుల ప్రాంతాలు, ఏఎన్‌సీ అంటారు. ఆదాయం, జనసంఖ్య లాంటివి తీసేసి నేల, వాతావరణ కొలతలు ఎనిమిది పెట్టారు. ముఖ్యమైనవి ఇవి:

– వాలు 15 శాతం లేదా ఎక్కువ
– వేరు దిగే లోతు 30 సెంటీమీటర్లు లేదా తక్కువ
– పై మట్టిలో రాళ్లు ఘనపరిమాణంలో 15 శాతం లేదా ఎక్కువ
– కురిసే వానకూ, నేల, మొక్కల నుంచి ఆవిరయ్యే వీలున్న నీటికీ నిష్పత్తి 0.5 లేదా తక్కువ
– ఎదుగుదల కాలం 180 రోజులు లేదా తక్కువ
– నేల ఉదజని సూచిక (pH) 5 లేదా తక్కువ (ఉప్పు, చౌడు నేలలకు వేరే హద్దులు)

మిగతావి తేమ, మురుగు పారుదలకు సంబంధించినవి. కమ్యూన్ లేదా పారిష్, అంటే దాదాపు ఊరి స్థాయి యూనిట్లో సాగుభూమి 60 శాతం వీటిలో కనీసం ఒకదానికి తగిలితే ఆ యూనిట్ మొత్తం లోపలికి వస్తుంది. 59 శాతం వస్తే మొత్తం బయటికి.

చిక్కులు వచ్చేది ఇక్కడే. మొదటిది, వాలు. ముతక ఎత్తు పటంతో కొలిస్తే చిన్న చిన్న నిటారు గట్లు సగటులో చదునైపోతాయి. అదే భూమిని నాణ్యమైన పటంతో కొలిస్తే 15 దాటవచ్చు. గుట్టలు, మిట్టలు ఉన్న ప్రాంతాలకు ఇది ప్రాణగండం. రెండోది, వడపోత. కొలత దాటినా సరే, పెట్టుబడితో ఆ ఇబ్బందిని అధిగమించారని తేలితే ఆ ప్రాంతాన్ని తీసేయాలి. మురుగు కాలువలు తవ్వుకున్న తడి నేలలు, నీటిపారుదల వచ్చిన పొడి నేలలు ఇలా పోయాయి. నలభై ఏళ్ల కింద తాత కాలువ తవ్విన పాపానికి మనవడికి సాయం ఆగిందన్నమాట. మూడోది, కొలతలు విడివిడిగా హద్దు దాటకపోయినా రెండు కలిసి సాగును దెబ్బతీసే చోట్లు. దీనికి మాత్రం దారి ఉంది: ప్రత్యేక పరిమితుల కోటా కింద, రెండు కొలతలు హద్దుకు 20 శాతం లోపు దగ్గరగా ఉంటే చేర్చవచ్చు. ఆ కోటా దేశ విస్తీర్ణంలో 10 శాతం మించకూడదు.

బయటపడ్డవాళ్లకు సాయం ఒక్కసారిగా ఆపకుండా మెట్లు మెట్లుగా తగ్గించమన్నారు. స్కాట్లండ్ కొత్త గీతలు గీయనేలేదు. దాంతో ఆ మెట్ల నిబంధన కిందికే వచ్చి 2019లో 80 శాతం, 2020లో 40 శాతం అని తగ్గించాల్సి వచ్చింది. లోటు పూడ్చడానికి వేరే నిధులు వెతుక్కున్నారు.

ఆస్ట్రియాది చూడదగ్గ పద్ధతి. 2001 నుంచి అక్కడ ఊరికి కాకుండా ఒక్కో కొండ కమతానికి మార్కులు వేశారు. పొలాల వాలు, ఇంటికి దారి ఎలా ఉంది, ఎత్తు, వాతావరణం, నేల అన్నీ కలిపి. 90 దాకా ఒక వర్గం, 180 దాకా రెండోది, 270 దాకా మూడోది, ఆపైన నాలుగోది. 59–60 శాతం జూదం ఉండదు. కాకపోతే ప్రతి కమతాన్నీ కొలవాలి, ఆ ఖర్చు, ఓపిక అందరికీ లేవు.

---

సాగులెక్కలు:

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. గట్టుదారి గారూ, మీ లెక్కలో 300 హెక్టార్లూ పూర్తిగా లెక్కకు వచ్చినట్టు వేశారు. బండలు, తుప్పలు ఉన్న భూమిని తనిఖీలో కోత వేస్తారు కదా?

---

గట్టుదారి:

వేస్తారు. సరైన చోటే పట్టుకున్నారు. ఫ్రాన్స్ 2015లో పెట్టిన పట్టిక చూడండి. మేతకు పనికిరాని బండ, తుప్ప, చెట్లు స్థలంలో 10 శాతం లోపు ఉంటే మొత్తం భూమి లెక్కలోకి వస్తుంది. 10–30 మధ్య ఉంటే 80 శాతం, 30–50 అయితే 60 శాతం, 50–80 అయితే 35 శాతం. 80 దాటితే సున్నా. అంటే 100 హెక్టార్ల కొండ బీడులో తుప్పలు 48 శాతం అని గుర్తిస్తే 60 హెక్టార్లకు డబ్బు, 52 శాతం అని గుర్తిస్తే 35 హెక్టార్లకే. విమానంలోంచి తీసిన ఫొటో మీద ఓ నాలుగు శాతం తేడా పడితే 25 హెక్టార్లు ఎగిరిపోతాయి.

దక్షిణ ఐరోపాలో ఇది ఇంకా ఘోరం. మేకలకు తుప్పే మేత. ఓక్ చెట్ల కింద పందులకు రాలిన కాయలే మేత. "గడ్డి ఎక్కువగా ఉంటేనే పచ్చిక బీడు" అన్న నిర్వచనం తడి దేశాల్లో రాసుకున్నది. 2013లో స్థానికంగా పాతుకుపోయిన మేపు పద్ధతులకు మినహాయింపు ఇచ్చారు గానీ, అది దేశం అడిగి తీసుకోవాల్సిన మినహాయింపు. అడగని చోట రైతులు లెక్కలోకి రావడానికి తుప్పలు నరికేశారు, కొన్నిచోట్ల తగలబెట్టారు.

ఏ సంస్కరణ పత్రం చదివినా హెక్టారు రేటు చూసే ముందు హెక్టారు అంటే ఏమని రాశారో చూడండి.

---

దక్షిణద్వీపం:

అందరూ ఐరోపా దగ్గరే ఆగారు. న్యూజిలాండ్ 1984 నుంచి సబ్సిడీలన్నీ దాదాపు తీసేసింది. ఆకాశం ఊడిపడలేదు. బలవంతంగా వెళ్లిపోయిన రైతులు ఒక శాతం చుట్టూ మాత్రమే. గొర్రెలు 1982లో 7 కోట్లు ఉండేవి, ఇప్పుడు అందులో సగం కూడా లేవు. అయినా పిల్లల బరువు, ఒక్కో తల్లికి పుట్టే పిల్లల సంఖ్య పెరిగి మాంసం ఉత్పత్తి అంతగా పడిపోలేదు. నిటారు కొండలు అడవికి వదిలేశారు, అదీ మంచికే. అంతకుముందు ప్రభుత్వం అప్పులిచ్చి, గొర్రెకు ధర హామీ ఇచ్చి మరీ ఆ కొండల్ని నరికించింది. 1988లో బోలా తుపాను వచ్చి తూర్పు తీరంలో చెట్లు నరికిన కొండల మట్టిని భారీగా కిందికి దింపింది. 1992లో అక్కడే అడవులు పెంచడానికి మళ్లీ ప్రభుత్వం డబ్బు పెట్టాల్సి వచ్చింది.

---

పచ్చికబీడు:

మీరు చెప్పినవి నిజమే గానీ అది పోలిక కాదండీ. న్యూజిలాండ్‌లో సబ్సిడీ మధ్యలో కొన్నేళ్లు పెరిగి తగ్గింది. భూమి ధరలు దాన్ని చూసి పెరిగాయి, తీసేశాక పడ్డాయి, అప్పు చేసి కొన్నవాళ్లు మునిగారు. ప్రభుత్వం కొంత అప్పు సర్దుబాటు చేసి, వెళ్లిపోయేవాళ్లకు ఖర్చులిచ్చింది. పైగా ఒక్కో కమతం పెద్దది, ఏడాది పొడవునా బయటే మేత. ఆల్ప్స్‌లో 15 హెక్టార్ల వాడు ఆరు నెలలు పశువుల్ని కొట్టంలో ఉంచి ఎండుగడ్డి మేపాలి. అతని ఖర్చు మార్కెట్ ధరతో తగ్గేది కాదు. కొండను అడవికి వదిలితే మంచిదే అన్న మాట కూడా అన్ని చోట్లా చెల్లదు. మధ్యధరా కొండల్లో మేపు ఆగితే పేరుకునేది ఎండు తుప్ప, వేసవిలో అదే నిప్పు.

---

నేలసారం:

కౌలుదారు ప్రశ్న మిగిలింది, క్లుప్తంగా.

తలకింత రోజుల్లో గొర్రెలు ఎవరివో డబ్బు వారిది. కౌలుదారుకు అది బలం. హెక్టారుకింత అయ్యాక డబ్బు భూమిని పట్టుకుని వెళ్తుంది, కౌలు గడువు తీరినప్పుడు కొత్త కౌలు రేటులో కొంత కలిసిపోతుంది. ఎంత కలుస్తుందన్నది మూడింటిని బట్టి ఉంటుంది: చెల్లింపు పొందే హక్కు పత్రం కౌలుదారు పేరున ఉందా యజమాని పేరున ఉందా, దాన్ని వాడటానికి కావలసిన బీడు కరువుగా ఉందా విరివిగా ఉందా, ఇంకా ఎన్నేళ్ల గడువుంది.

పాత మొత్తాలు నడిచిన రోజుల్లో స్కాట్లండ్ కొండల్లో ఒక విడ్డూరం జరిగింది. లోయలో వ్యవసాయం మానేసినవాళ్లు ఖరీదైన హక్కు పత్రాలు చేతిలో పెట్టుకుని, వాటికి జత కలపడానికి హెక్టార్లు కావాలి కాబట్టి, దూరాన ఏ హక్కూ లేని చవక కొండను కౌలుకు తీసుకున్నారు. మేపింది లేదు. ఇంట్లో చెప్పులేసుకుని చేసే సేద్యం అని ఎకసెక్కాలాడారు. నిజంగా మేపడానికి ఆ కొండ అడిగినవాడికి మాత్రం రేటు పెరిగింది.

ఇంగ్లండ్ ఇప్పుడు ఇంకో అడుగు వేసింది. 2024 నుంచి పాత చెల్లింపును భూమి నుంచి కూడా విడదీసి, 2020–22 సగటు ఆధారంగా మనిషికి ఇస్తోంది. కౌలుదారు భూమి వదిలినా అది అతనిదే. కానీ వేగంగా కరిగిపోతోంది. 2025లో మొదటి 30,000 పౌండ్లలో 76 శాతం కోశారు, ఆపైన ఉన్నది పూర్తిగా పోయింది. 2027 తర్వాత ఉండదు. దాని స్థానంలో రావాల్సిన పర్యావరణ పథకానికి కొత్త దరఖాస్తులు 2025 మార్చి 11న ఉన్నట్టుండి ఆపేశారు. ఉమ్మడి కొండ మీద దరఖాస్తు అంటే మేపు హక్కుదారులు కలిసి ఒప్పుకుని పెట్టాలి, యజమానితోనూ మాట్లాడుకోవాలి. లోయలో సొంత పొలం ఉన్నవాడు కంప్యూటర్ ముందు కూర్చుని ముందే పెట్టేశాడు. సంతకాలు పోగుచేసుకుంటున్న కొండవాళ్లలో చాలామంది గేటు బయటే మిగిలారు.

కాబట్టి కౌలు పత్రం రాసుకునేటప్పుడు చూసుకోవాల్సినవి: కొత్త పథకంలో చేరే హక్కు ఎవరిదో రాసి ఉందా, పథకం గడువు కంటే కౌలు గడువు తక్కువ కాకుండా ఉందా, మంద తగ్గించాలని పథకం అడిగితే కౌలు షరతులు అందుకు ఒప్పుకుంటాయా. పాత కౌలు పత్రాల్లో కొన్నింటిలో భూమిని పూర్తిగా వ్యవసాయానికే వాడాలన్న షరతు ఉంటుంది. మేపు తగ్గించి చెట్లు పెంచే పథకంలో చేరితే ఆ షరతు కిందే ఖాళీ చేయించే వీలుంటుంది.